రెండు కాళ్లకు క్షమాభిక్ష

...అసలు కోరిక ఆగేది ఎక్కడ, చేయి లేచేది ఎక్కడ? ఆ రెండింటికీ నడుమ వసారాలాంటి చోటు ఒకటి ఉంటుందనీ, మనుషుల్లో చాలామంది దాన్ని చూడకుండానే దాటేస్తారనీ, తానొక్కడే అక్కడ వాలుకుర్చీ వేసుకుని ఏళ్ల తరబడి కూర్చుండిపోయాడనీ తారకం అనుకుంటూ ఉండగా కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీయాలన్న కోరిక పుట్టింది. చేయి లేవలేదు. అవును, సరిగ్గా ఇదే ఆ వసారా, అనుకుని ముచ్చటపడ్డాడు. బెల్ మళ్లీ మోగింది.

ఓరగా వేసి ఉన్న తలుపు తోసుకుని భుజంగరావు లోపలికి వచ్చాడు. సచివాలయంలో సెక్షన్ ఆఫీసరుగా రిటైరైన మనిషి. చారులో ఉప్పు తక్కువైతే ‘విషయం తమ దృష్టికి తేవడమైనది’ అంటాడని వాళ్లావిడ చెబుతుంది.

“అధ్యక్షా! అభినందనలు. గొప్ప దెబ్బ కొట్టారు,” అన్నాడు.

“నేనా? ఎవర్ని?”

“సభని. జేబు వీటో!”

తారకం అధ్యక్షుడు కావడం వెనక చిన్న కథ ఉంది. నీలాద్రి టవర్స్ అన్నది విశాఖపట్నంలో, సముద్రం కనిపిస్తుందని చెప్పి అమ్మిన అపార్ట్‌మెంటు. వాటర్ ట్యాంకు మీదికి ఎక్కితే కనిపిస్తుంది కూడా. రెండు బ్లాకులు, ఒక సెల్లారు, ఒక ఓనర్స్ అసోసియేషన్. నిరుడు అప్పటి ప్రెసిడెంటు ఎవరినీ అడక్కుండా గేటుకు చిలకాకుపచ్చ రంగు వేయించాడు. ఏ అధికారంతో వేయించారని బి బ్లాకు నిలదీసింది. బైలాస్ తెరిచి చూస్తే ఒకే వాక్యం కనిపించింది: ‘అధ్యక్షుడు తన పదవికి తగిన అధికారములు చెలాయించును.’

“ఏ దేశపు అధ్యక్షుడు?” అని అడిగాడు భుజంగరావు.

అంతవరకు ఆ ప్రశ్న ఎవరికీ రాలేదు. వచ్చాక మరి పోలేదు.

మన రాష్ట్రపతి పద్ధతి ఉంది కదా అని ఎవరో అన్నారు. అలాగైతే కమిటీ రాసిచ్చిన కాగితం మీద సంతకం పెట్టడం, జెండా వందనానికి నిలబడడం తప్ప వేరే పని ఉండదని భుజంగరావు వివరించాడు. అంతమాత్రానికి ఎన్నికలెందుకని అందరూ పెదవి విరిచారు. అదే అమెరికా పద్ధతి అయితే వీటో ఉంది, క్షమాభిక్ష ఉంది, సైన్యం ఉంది, కార్యనిర్వాహక ఉత్తర్వులున్నాయి; అన్నిటికీ మించి ఒకరు చేసే పనిని మరొకరు ఆపే సౌకర్యం ఉంది. ఈ చివరి మాటకు సెల్లారంతా చప్పట్లతో మారుమోగింది.

ఎన్నిక కూడా ఆ పద్ధతిలోనే జరిగింది. పాలనకు బ్లాకుకొక రాష్ట్రం, దానికొక గవర్నరు; ఓట్ల లెక్కకు మాత్రం ఫ్లోరుకొక రాష్ట్రం. ఏ ఫ్లోరులో ఎవరికి ఎక్కువ ఓట్లు పడితే ఆ ఫ్లోరు మొత్తం వాళ్లదే. బి బ్లాకు నుంచి సత్యవాణి నిలబడింది. బాలికల హైస్కూలు హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన ఆమెకు ఎదురు నిలిచే ధైర్యం ఎ బ్లాకులో ఎవరికీ లేకపోయింది. చివరికి ఏ మీటింగుకీ రాని తారకం పేరు రాసేశారు. కాలేజీలో సైకాలజీ చెప్పి రిటైరైనవాడు, ఒంటరివాడు, ఏ విషయం మీదా ఏ అభిప్రాయమూ చెప్పి ఎరగనివాడు. అందుచేత ఎవరికీ అభ్యంతరం కనిపించలేదు. ఓట్లు సత్యవాణికే ఎక్కువ వచ్చాయి. తారకం కూడా ఆమెకే వేశాడు. ఫ్లోర్లు మాత్రం తారకానికి ఎక్కువ వచ్చాయి.

“ఇదెక్కడి న్యాయమండీ?” అని సత్యవాణి అడిగింది.

“అదే దాని గొప్పతనం,” అన్నాడు భుజంగరావు.

ఆమెను ప్రతినిధుల సభకు స్పీకర్ని చేశారు. సెనేట్‌కు మనుషులు చాలలేదు. మిగిలినవాళ్లందరికీ నైట్ షిఫ్టులు. జిల్లా కోర్టులో సూపరింటెండెంటుగా చేసిన నరసింగరావు సుప్రీంకోర్టు అయ్యాడు. మొదటి ఫ్లోరు పళ్ల డాక్టరు మురళీధర్ ఉపాధ్యక్షుడు. ఆయనకు ఒకటే పని, అధ్యక్షుడు బతికి ఉన్నాడో లేదో చూసుకోవడం. రోజూ పొద్దున్నే ఐదో ఫ్లోరుకు వచ్చి, “ఒంట్లో ఎలా ఉందండీ?” అని అడిగేవాడు. బాగానే ఉందంటే “సంతోషం” అని మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయేవాడు. అలా అడగ్గా అడగ్గా తారకానికి నిజంగానే గుండెలో ఏదో పట్టేసినట్టు అనిపించడం మొదలైంది.

“జేబు వీటో అంటే ఏమిటి?” అన్నాడు తారకం.

భుజంగరావు సోఫాలో సర్దుకున్నాడు. “సభ పాస్ చేసిన తీర్మానం తమ దగ్గరకు వచ్చింది. తమరు సంతకం పెట్టలేదు, తిప్పి పంపలేదు. జేబులో ఉంచేశారు. ఈలోగా సభ వాయిదా పడింది. తీర్మానం దానంతటదే చచ్చింది. అమెరికాలో తలపండినవాళ్లు చేసే పని ఇది.”

తారకానికి అప్పుడు గుర్తొచ్చింది. సత్యవాణి లిఫ్టులో ఏదో కాగితం చేతిలో పెడితే చొక్కా జేబులో దోపుకున్నాడు. ఆ చొక్కా ఇస్త్రీకి వెళ్లింది. సెల్లారులో ఇస్త్రీ చేసే పైడమ్మ ఆ కాగితాన్ని కూడా శుభ్రంగా ఇస్త్రీ చేసి, చొక్కాల మీద పెట్టి పంపింది. ఎంత నున్నగా చేసిందో అనుకుని సొరుగులో పెట్టాడు. చదవలేదు.

“అందులో ఏముంది?”

“చదవకుండానే వీటో చేశారా! ఆహా!” అని భుజంగరావు చేతులు జోడించాడు. “సెల్లారులో ఇస్త్రీ బల్ల తీసేయించి, అక్కడ రాజ్యాతిథుల కార్లకు పార్కింగు ఏర్పాటు చేయాలన్న తీర్మానం అది.”

తారకం కుర్చీలో వెనక్కి వాలాడు. పైడమ్మ తన బల్లను తీసేసే కాగితాన్ని తన చేతులతోనే ఇస్త్రీ చేసిందన్నమాట. బిల్డింగు లేచిన దగ్గర్నుంచి ఆ బల్ల అక్కడే ఉంది. మొగుడు గౌరినాయుడు ఇక్కడే వాచ్‌మన్. అతని జీతం ఇల్లు గడవడానికే చాలదు. కూతురి నర్సింగు చదువు ఆ బొగ్గుల పెట్టె మీదే నడుస్తోంది. మతిమరుపన్నది ఉత్తినే రాదు, మరిచిపోవాలన్న కోరిక ఎక్కడో లోపల ఉంటేనే వస్తుందని తాను క్లాసులో ఎన్నిసార్లు చెప్పలేదు! అయితే వీటో చేసింది తనేనా? ఇలా ఆలోచిస్తే తనలో ఒక ధైర్యవంతుడు దాక్కుని ఉన్నాడని తేలుతోంది. వాడు ఇంత కాలం ఎక్కడున్నాడు, అద్దె కడుతున్నాడా, అని చాలాసేపు ఆలోచిస్తూ ఉండిపోయాడు. భుజంగరావు ఎప్పుడు వెళ్లాడో చూడలేదు.

ఆ ఆదివారం సెల్లారులో ప్లాస్టిక్ కుర్చీలు వేసి సభ పెట్టారు. పక్కనే పైడమ్మ ఇస్త్రీ చేసుకుంటోంది. మాటామాటా పెరిగినప్పుడల్లా పెట్టె ఎత్తి చూసి, మళ్లీ దించుతోంది.

“వీటో చెల్లదు,” అంది సత్యవాణి. “సభ వాయిదా పడనే లేదు.”

“సభ అన్నవరం వెళ్లింది మేడమ్,” అన్నాడు భుజంగరావు. “సభ్యులందరూ సత్యనారాయణ వ్రతంలో ఉన్నారు.”

“అందరం ఒకే బస్సులో వెళ్లాం. కోరం ఉంది. నేను ముందు సీట్లో కూర్చున్నాను, అది స్పీకర్ స్థానం. దారిలో చర్చ కూడా జరిగింది.”

“దేని మీద?”

“పులిహోరలో ఇంగువ ఎక్కువైందని.”

“అది ఎజెండాలో లేదు కదా?”

“ఎజెండాలో ఉన్నవి మాట్లాడే సభ ఎక్కడైనా ఉంటే చూపించండి, నేను రాజీనామా చేస్తాను!”

నరసింగరావు కళ్లు తెరిచి, బస్సు కదులుతున్నంతసేపూ సభ నడిచినట్టేననీ, టీకి ఆగినప్పుడు మాత్రం వాయిదా పడిందనీ, టీ తాగినంతసేపు వీటో చెల్లుతుందనీ తీర్పు చెప్పాడు. ఎవరికీ అర్థం కాలేదు. అందువల్ల ఎవరూ కాదనలేదు. సత్యవాణి మాత్రం టైము వృథా చేయలేదు. అక్కడికక్కడే మళ్లీ ఓటింగు పెట్టి, మూడింట రెండు వంతుల మెజారిటీతో వీటోను తోసిపుచ్చింది. బల్ల తీసేయాల్సిందేనని చట్టం అయింది.

“ఇక అమలు చేయించాల్సింది తమరే,” అన్నాడు భుజంగరావు తారకంతో.

“వద్దన్నది నేనే కదండీ?”

“వద్దనడం తమ అధికారం. చేయించడం తమ బాధ్యత. రెండూ వేర్వేరు ఫైళ్లు. తమరు సర్వసేనాధిపతి. సైన్యాన్ని పిలవండి.”

సైన్యం గేటు దగ్గర బీడీ ఆర్పేసి వచ్చి సెల్యూట్ కొట్టింది.

“గౌరినాయుడూ,” అన్నాడు తారకం, “ఆ బల్ల సంగతి... నువ్వేమంటావు?”

“నానేటంతాను బాబూ. తవరు కదపమంతే కదుపుతాను. కదిపినాక రేపట్నించి నాకు కూడు ఎవులు పెడతారో, అది కూడా ఆ ఉత్తరువులో రాయించీయండి.”

“సైన్యంలో అసంతృప్తి,” అని భుజంగరావు తనలో తాను అనుకున్నట్టుగా, అందరికీ వినబడేలా అన్నాడు.

ఉత్తర్వు ఇవ్వలేక, ఇవ్వనని చెప్పలేక తారకం నిలబడిపోయాడు. భుజంగరావే జాలిపడి దారి చూపించాడు. క్షమాభిక్ష ఉందిగా! అధ్యక్షుడు ఎవరినైనా క్షమించవచ్చు. మర్నాడు సాయంత్రం బల్ల ముందు రిబ్బను కట్టి, మైకు పెట్టి, క్షమాభిక్ష పత్రం చదివారు. ‘పైడమ్మ భార్య ఆఫ్ గౌరినాయుడు అను ఆమె, ఆమె బల్ల, పెట్టె, బొగ్గులు సహా, ఇంతవరకు చేసిన సమస్త అపరాధములూ మన్నించబడినవి’ అని భుజంగరావు గొంతెత్తి చదువుతుంటే, పైడమ్మ దుప్పటి మడత పెట్టడం ఆపేసి వింది.

“నానేటి తప్పు సేసినానని సెమిత్తన్నారు బాబూ?”

“తప్పుతో పని లేదమ్మా. ముందు క్షమించేస్తే, తర్వాత తీరిగ్గా వెతుక్కోవచ్చు,” అన్నాడు భుజంగరావు.

సత్యవాణి సుప్రీంకోర్టుకు వెళ్లింది. అంటే నాలుగు మెట్లు దిగి నరసింగరావు తలుపు తట్టింది. ఆయన టేపు పట్టుకుని సెల్లారుకు వచ్చాడు. వంగి కొలిచాడు, లేచి కొలిచాడు, కళ్లద్దాలు మార్చుకుని మరోసారి కొలిచాడు.

“సెల్లారు ఉమ్మడి ఆస్తి, కనుక ఫెడరల్, అనగా కేంద్రానిది. మెట్ల కింది జాగా ఎ బ్లాకుది, కనుక రాష్ట్రం. బల్ల ముందు కాళ్లు రెండూ ఫెడరల్ భూభాగంలో ఉన్నవి. వెనక కాళ్లు రెండూ రాష్ట్ర పరిధిలో ఉన్నవి. అధ్యక్షుని క్షమ రాష్ట్ర నేరములకు వర్తించదు. కావున ముందు కాళ్లు క్షమించబడినవి.”

“మరైతే ఎనక కాళ్లు?” అంది పైడమ్మ.

“వాటిని తొలగించవలెను.”

“రెండు కాళ్ల మీద నిలబడతాదేటండి బల్ల? నాను మోసుకోమంతారా ఆ పక్క? ఒక సేత్తో పెట్టె, ఒక సేత్తో బల్ల!”

“ఆచరణ సంబంధమైన ప్రశ్నలు కోర్టు పరిధిలోకి రావు,” అని నరసింగరావు టేపు చుట్టుకున్నాడు.

వెనక కాళ్లను క్షమించాలంటే ఎ బ్లాకు గవర్నరు క్షమించాలి. ఆ గవర్నరు బామ్మర్ది గృహప్రవేశానికి రాజమండ్రి వెళ్లి, అక్కడే జ్వరం తెచ్చుకుని పడుకున్నాడు. ఫోన్ చేస్తే, తాను రాష్ట్రం దాటి ఉండగా అధికారం చెలాయించడం బాగుండదని, అదీకాక నోరు చేదుగా ఉందని చెప్పాడు.

బల్ల కదలలేదు గనక సభ మెయింటెనెన్సు బడ్జెట్టు ఆపేసింది. దాన్ని షట్‌డౌన్ అంటారని భుజంగరావు గర్వంగా ప్రకటించాడు. అక్కడిదాకా వచ్చిన అసోసియేషన్ దేశంలో ఇంకొకటి లేదన్నాడు. అత్యవసర సేవలు తప్ప అన్నీ ఆగిపోవాలి. నీళ్ల మోటారు అత్యవసరం అన్నారు. లిఫ్టు అత్యవసరం కాదని కింది ఫ్లోర్ల వాళ్లు ఏకగ్రీవంగా తేల్చారు. కారిడార్లలో లైట్లు తీసేశారు. అధ్యక్షుడి ఆరోగ్యం అత్యవసరమే గనక మురళీధర్ రోజూ ఐదు ఫ్లోర్లూ ఎక్కి వస్తూనే ఉన్నాడు. ఒకరోజు గుమ్మం పట్టుకుని రొప్పుతూ మాట రాక నిలబడిపోతే, తారకమే కంగారుగా “మీకు ఒంట్లో ఎలా ఉందండీ?” అని అడగాల్సి వచ్చింది.

ఆ మధ్యాహ్నమే పైడమ్మ కూడా మెట్లెక్కి వచ్చింది, నెత్తి మీద బట్టల మూట. గుమ్మంలో మూట దించి, కొంగుతో మొహం తుడుచుకుంది.

“సల్లటి నీల్లుంటే కొంచెం ఇయ్యండి బాబూ.”

తారకం నీళ్లిచ్చాడు. తాగి గ్లాసు గచ్చు మీద పెట్టింది.

“ఓ మాటడుగుతాను, ఏటీ అనుకోకండి. తవరు పెసిడెంటు బాబు కదా?”

“అలాగే అంటున్నారు.”

“అయితే నోటితో ఏదో ఒకటి సెప్పీయండి. ఉండమంతే ఉంతాను. పొమ్మంతే పోతాను, ఇంకో ఈదిలో సూసుకుంతాను. కాయితాలొద్దు, కొలతలొద్దు. రెండు కాళ్లు మంచియి, రెండు కాళ్లు సెడ్డయి అంతే నానేటి సేసీది? పిల్లకి పీజు కట్టాల. బట్టలిచ్చీవోరు కూడా మానేత్తన్నారు, గొడవల్లో ఉన్న బల్లని.”

తారకం నోరు తెరిచాడు. ఉండు పైడమ్మా, అంటే చాలు. రెండే మాటలు. కాని ఆ రెండు మాటలూ తాను అధ్యక్షుడిగా అంటే చట్టధిక్కారం అవుతుంది, మామూలు మనిషిగా అంటే దానికి విలువ ఏముంటుంది? పైగా మాట ఇచ్చి నిలబెట్టుకోలేకపోతే అది అబద్ధం కన్నా హీనం. ఇవ్వకపోతే పిరికితనం. అయితే ఈ పిరికితనం అసలు ఏనాటిది? చిన్నప్పుడు బడిలో మాస్టారు ‘ఎవరు మాట్లాడింది?’ అని అడిగితే, నోరే విప్పకపోయినా, చేయి ఎత్తాలా వద్దా అని ఆలోచించినవాడు తను. ఆ ఆలోచన ఎంత దూరం పోయిందంటే, వెనక్కి వచ్చేసరికి పైడమ్మ మూట ఎత్తుకుని లేచి నిలబడింది.

“సర్లెండి, ఆలోసించుకోండి. కింద బొగ్గులు ఆరిపోతన్నాయి,” అంది. కోపం లేదు ఆ గొంతులో. అదే తారకాన్ని ఆ రోజంతా తినేసింది.

మర్నాడు పొద్దున అభిశంసన. కర్తవ్యం నెరవేర్చనందుకు అధ్యక్షుణ్ణి పదవి నుంచి తొలగించాలని సత్యవాణి నోటీసు పెట్టింది. సెల్లారులో కుర్చీలు వేశారు. తారకాన్ని అందరికీ ఎదురుగా కూర్చోబెట్టారు. మురళీధర్ కొత్త చొక్కా తొడుక్కుని, ముందు వరసలో బుద్ధిగా కూర్చున్నాడు.

కుర్చీలు సర్దుతుంటే చూశారు: మెట్ల కింద బల్ల లేదు.

గేటు బయట ఉంది. రోజూ చచ్చే తగువు నాకెందుకని పైడమ్మ తెల్లారగానే మొగుడి సాయంతో దాన్ని రోడ్డు మీదికి చేర్చేసింది. సముద్రపు గాలికి పెట్టెలోంచి నిప్పురవ్వలు లేస్తున్నాయి. బూడిదంతా తెల్ల పంచె మీద పడుతోంది. ఒక చేత్తో బట్టను, ఒక చేత్తో చీర చెంగును పట్టుకుని తిప్పలు పడుతోంది. సత్యవాణి కాసేపు చూసి, “పోన్లెండి, చట్టం అమలైంది,” అంది. ఆ మాటలో మాత్రం మునుపటి ఊపు లేదు. ఆ పంచె వాళ్లాయనది.

“అయినా అభియోగం నిలుస్తుంది,” అన్నాడు నరసింగరావు. “బల్ల దానంతటది పోయింది. అధ్యక్షుడు పంపలేదు.”

అభియోగాలు చదవడం మొదలైంది. ‘ఏమియు చేయకుండుట’ అన్నది మొదటిది. ‘చేయకుండుటను కూడా స్పష్టముగా చేయకుండుట’ రెండోది. మూడోది చదువుతుండగా వీధి మొదట్లో పెద్ద శబ్దమైంది. మునిసిపాలిటీ లారీ వచ్చింది. ఫుట్‌పాత్‌ల మీది బళ్లూ బల్లలూ ఎత్తుకుపోయే లారీ. మూలనున్న ఇడ్లీ బండిని నలుగురు మనుషులు ఎత్తి అందులోకి విసిరారు. బండివాడు వెనకాలే పరుగెత్తుతూ అరుస్తున్నాడు.

“అయ్యో, పైడమ్మా!” అంది సత్యవాణి లేచి నిలబడి. “బల్ల లోపలికి తెచ్చేయ్!”

“మీరు వద్దన్నారు కదా మేడమ్,” అన్నాడు భుజంగరావు.

“ఇప్పుడు కావాలంటున్నాను!”

“అలా కుదరదు. గేటు దాటింది గనక అది ప్రస్తుతం విదేశీ గడ్డ మీద ఉంది. తిరిగి రావాలంటే మునిసిపాలిటీతో ఒడంబడిక కావాలి. ఒడంబడిక చేసేది అధ్యక్షుడు, ఆమోదించేది సెనేట్. మనకు సెనేట్ లేదు.”

“అయితే సైన్యాన్ని పంపండి!”

“యుద్ధం ప్రకటించాల్సింది సభ. ప్రకటిస్తారా?”

“మునిసిపాలిటీ మీదా? నీళ్లు ఆపేస్తే?”

గౌరినాయుడు గేటు దగ్గర ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడ్డాడు. “బాబూ, ఉత్తరువియ్యండి బాబూ! డూటీలో ఉన్నాను, గేటు వొగ్గేసి ఎల్తే ఈల్లే నా ఉజ్జోగం పీకేత్తారు!” అని కేకేశాడు. పైడమ్మ గబగబా బట్టలు మూట కడుతోంది. వేడి పెట్టెను తీసి గోడ వార పెట్టింది. బల్లను ఒక్కతే లాగబోయింది. కదల్లేదు. లారీ ఇంకో పదిళ్ల అవతల ఆగి, పాన్ డబ్బాను ఎత్తుతోంది.

నరసింగరావు బల్ల గుద్దబోయి, బల్ల లేదని గుర్తొచ్చి తొడ గుద్దుకున్నాడు. “నిశ్శబ్దం! విచారణ జరుగుతోంది. అధ్యక్షుడు తన వాదన వినిపించుకోవచ్చు.”

తారకం లేచాడు. అందరూ ప్రసంగం అనుకున్నారు. భుజంగరావు మైకు సరిచేశాడు. తారకం మైకు పక్కనుంచి నడిచాడు. ఏం ఆలోచిస్తున్నానో చూసుకుందామని లోపలికి చూశాడు. అక్కడ ఏమీ కనిపించలేదు, గౌరినాయుడి కేక తప్ప. గేటు దాటాడు. కాలి కింద రోడ్డు వేడిగా తగిలింది, చెప్పులు వేసుకోలేదని అప్పుడు తెలిసింది.

“అధ్యక్షా, ఇది ఏ అధికారం కింద?” అని వెనకనుంచి భుజంగరావు అరిచాడు.

తారకం బల్ల కొసను రెండు చేతులతో పట్టుకున్నాడు. మసి అంటింది. పైడమ్మ అతని మొహం వంకా, చేతుల వంకా మార్చి మార్చి చూసింది.

“తవరెందుకు బాబూ? నడుం పట్టేత్తాది.”

“ఆ కొస పట్టుకో,” అన్నాడు తారకం.

పైడమ్మ కొంగు బిగించి రెండో కొస పట్టుకుంది. “అలా వొంగి ఎత్తకండి. మోకాల్లు వొంచండి, మోకాల్లు!”

తారకం మోకాళ్లు వంచి, ఎత్తాడు.